మేడం కంపాసుకి కుట్టిన ఒర

సంచులక్కకి అసూయ ఎక్కువ. ఈ మాట చాటున అనక్కర్లేదు, ముఖాన్నే అన్నా "అవును, ఎక్కువే. అయితే ఏంటంట?" అంటుంది. పక్కన గొడుగులు బాగుచేసే అతని దగ్గర నలుగురు నిలబడితే వానని తిడుతుంది. తోటికోడలు కొత్త సోఫా కొంటే దాని అంచుల కుట్టు చూసి పెదవి విరుస్తుంది. కుట్టు నిజంగానే బాగోదు, అది వేరే సంగతి. ఇన్ని అసూయల్ని ఒప్పుకునే మనిషి ఒక్కదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. కూతురికి పాఠాలు చెప్పే మేడం అంటే ఆమెకి ఒళ్ళు మంట. ఆ మేడంని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

బజారు వీధిలో ఒక నాలుగంతస్తుల మేడ, ఆ మేడ మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె షాపు. పై అంతస్తులో ఇల్లు. షాపులో రెండు మిషన్లు, ఒకటి గుడ్డకి, ఒకటి తోలుకి. బడిపిల్లల సంచులు, ఆఫీసులకెళ్ళే ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులు, చక్రం ఊడిన సూట్‌కేసులు, అన్నీ అక్కడికే వస్తాయి. ఇరవై రెండేళ్ళ నుంచి వస్తున్నాయి. జిప్పు పాడైందని తెచ్చిన సంచిని ఒకసారి చేతిలో తిప్పి చూసి, దాన్ని మోసే మనిషి ఏ భుజానికి తగిలించుకుంటాడో, లోపల ఏమేం కుక్కుతాడో చెప్పేస్తుంది. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధి మొత్తానికి సంచులక్కే.

ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఆ పిల్ల తోలు ముక్కల మధ్యే నిద్రపోయింది, గుండీల డబ్బాతోనే ఆడుకుంది, "ఇదేంటమ్మా, అదేంటమ్మా" అని ప్రాణం తీసేది. ఇప్పుడు కాలేజీలో జియాలజీ చదువుతోంది. వీధిలో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే రాళ్ళ చదువు. రెండేళ్ళుగా ఇంట్లో ఆ అడగడాలు లేవు, అన్నీ చెప్పడాలే. ఆ చెప్పడాలన్నీ ఒకేలా మొదలవుతాయి: మేడం ఏమన్నారంటే.

మేడం నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. మేడం నడుం వంచకుండా కూర్చోమన్నారు. నీళ్ళు తాగమని తను పద్దెనిమిదేళ్ళు మొత్తుకుంటే చెవికెక్కలేదని, తను చెప్తే నీళ్ళు, ఆవిడ చెప్తే అమృతమూనా అని సంచులక్క భర్త దగ్గర వాపోయింది. భర్త ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు రాసుకునే ఉద్యోగి. రోజూ ఎన్నో గుమ్మాల్లో చీవాట్లు తినే మనిషి కాబట్టి తొందరగా ఉలకడు. "అది ఎవర్ని పొగిడినా నువ్వింతే. కిందటేడు ఫ్యాను బాగుచేసిన మెకానిక్‌ని పొగిడితే వారం రోజులు ఆ ఫ్యాను వేసుకోలేదు," అన్నాడు. అది నిజం కాబట్టి ఆమెకి కోపం రెట్టింపైంది.

ఇలా ఉండగా ఫీల్డ్ కోర్సు వచ్చిపడింది. పన్నెండు రోజులు కొండల్లో ఉండాలి. రాతి పొరలు ఎటు పరుచుకున్నాయి, ఎంత వాలాయి అన్నది కొలిచి, పుస్తకంలో రాసుకుని, ఆఖర్న ఆ కొండకి పటం గీయాలి. క్లాసులో చాలామంది ఇద్దరు సార్లతో కింద రోడ్డు పక్కన కొండని కోసిన చోట్ల చూసుకుంటూ పోతారు. నలుగుర్ని మాత్రం మేడం తనతో పైకి, శిఖరం వెంట నడిపించుకుని వెళుతుంది. ఆ నలుగురిలో తనుండాలని సంచులక్క కూతురు కాలేజీలో చేరిన నెల నుంచీ కలలు కంటోంది. ఈ ఏడు పేరు పడింది. పడిన రోజు పరుగున వచ్చి, మిషను ముందు కూర్చున్న తల్లిని లేపి గిర్రున తిప్పింది. తల్లికీ సంతోషమే. పిల్ల కోరుకున్నది దక్కింది మరి. కానీ పన్నెండు రోజులు పొద్దున్న లేచింది మొదలు ఆవిడ ముఖమే చూస్తూ, ఆవిడ అడుగులో అడుగేస్తూ తిరుగుతుందని తట్టేసరికి ఆ సంతోషం సగం ఆవిరైపోయింది.

తెచ్చుకోవాల్సిన సామాను జాబితా కూడా ఇచ్చారు. ఒకవైపు మొన, ఇంకోవైపు చదునుగా ఉండే సుత్తి. మెడలో వేసుకునే చిన్న భూతద్దం. వానకి తడిసినా చినగని నోటుబుక్కు. రాయి మీద ఒక చుక్క వేసి అది సున్నపురాయో కాదో తేల్చుకునే ఆసిడ్ సీసా. నీళ్ళ సీసాలు, టోపీ, చీలమండ దాకా పట్టి ఉండే బూట్లు. సుత్తి, ఆసిడ్ కాలేజీ ఇస్తుంది, తక్కినవి ఎవరివి వాళ్ళే చూసుకోవాలి.

బూట్లకి తల్లీకూతుళ్ళిద్దరూ వెళ్ళారు. ఇక్కడ మాత్రం తన మాటకి తిరుగుండదనుకుంది సంచులక్క. తోలు గురించి తనకి తెలిసినంత ఆ షాపువాడికీ తెలియదు. నాలుగు జతలు తిరగేసింది, లోపల వేలు పెట్టి తడిమింది, సోలు వంచి చూసింది. జిగురుతో అంటించినవన్నీ పక్కకి నెట్టి, చుట్టూ కుట్టు ఉన్న ముదురు గోధుమరంగు జత తీసి, లేసుల కింది నాలుక రెండు పక్కలా కుట్టేసి ఉంది కాబట్టి లోపలికి మట్టి పోదని, ఇవే తీసుకోమని చెప్పింది. పిల్ల వేసుకుని నాలుగడుగులు వేసింది. బాగున్నాయంది. బాగున్నాయంటూనే ఫొటో తీసి మేడంకి పంపింది. జవాబు కోసం ఇద్దరూ బల్ల మీద అరగంట కూర్చున్నారు. షాపువాడు వాళ్ళ కాళ్ళ చుట్టూ రెండుసార్లు ఊడ్చాడు. ఆఖరికి ఫోను మోగింది.

"అమ్మా, మేడం ఇవే తీసుకోమన్నారు. నాలుక పక్కలు కుట్టేసి ఉన్నాయి చూడు, మట్టి పోదంట," అంది పిల్ల, కళ్ళు ఇంతింత చేసుకుని.

సంచులక్క పళ్ళు బిగబట్టి డబ్బులు లెక్కపెట్టింది. నోరు తెరిస్తే ఆ షాపులోనే రచ్చయ్యేది.

కొత్త బూట్లు ముందే కాలికి అలవాటు కాకపోతే కొండ మీద బొబ్బలెక్కుతాయట. ఇదీ మేడం చెప్పిందే. పిల్ల రోజూ సాయంత్రం బూట్లు వేసుకుని, వీపున ఇటుకలు మోసుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కి దిగేది. మెట్ల కింద షాపులో కూర్చున్న తల్లి నెత్తి మీద ఒకటే దబదబ.

వీపు సంచి మాత్రం తనే కుడతానని సంచులక్క పట్టుబట్టింది. నాలుగు రోజులు గిరాకీని పక్కన పెట్టింది. మైనం పట్టించిన కాన్వాసు, వీపుకి మెత్త, బరువు భుజాల మీద కాక తుంటి మీద పడేలా నడుముకి వెడల్పాటి పట్టీ, సుత్తి దూర్చుకోవడానికి పక్కన తోలు ఉంగరం. పిల్ల తగిలించుకుని, బరువే తెలియట్లేదని అటూ ఇటూ గంతులేసింది. తల్లికి కడుపు నిండినట్టయింది. ఆ నిండడం ఇంకా పూర్తి కాకుండానే పిల్ల, మేడం చూస్తే ముచ్చటపడిపోతారంది.

ఇక మిగిలింది కంపాస్. అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా, లోపల ఉత్తరం చూపించే ముల్లు. పొర ఎటు తిరిగి ఉందో, ఎన్ని డిగ్రీలు వాలిందో దానితోనే కొలవాలి. కాలేజీలో ఉన్నవి అందరికీ చాలవు. మేడం తను చదువుకునే రోజుల్లో వాడిన కంపాస్‌ని ఈ పిల్ల చేతికిచ్చి, గ్రూపులో కొలతలన్నీ నువ్వే తియ్యాలంది. ఇనుము దగ్గరా, ఫోను దగ్గరా పెట్టొద్దని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. పిల్ల దాన్ని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, దిండు పక్కన పెట్టుకుంది. దానికో పాత తోలు ఒర ఉంది. మూలలు అరిగిపోయి, కుట్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆ ఒరని వాసన చూసి మరీ, ఈ తోలు ఎన్ని కొండలు తిరిగిందో అనుకుంటూ మురిసిపోయింది పిల్ల.

అక్కడ కాలింది సంచులక్కకి. నీళ్ళు పోయాయి, బూట్లు పోయాయి, సరే. ఇప్పుడు తోలు కూడానా? తన ఇంట్లో, తన కళ్ళెదుట, తను కడుపున మోసిన పిల్ల ఇంకొకావిడ చిరుగుల ఒరని ముద్దు చేయడమా?

శుక్రవారం పిల్ల అటు కాలేజీకి వెళ్ళగానే ఇటు పని మొదలుపెట్టింది. దాచుకున్న వాటిలోకెల్లా మంచి తోలు ముక్క తీసింది. లోపల మెత్తటి గుడ్డ లైనింగు. మూతకి ఏం వేయాలా అని ఆలోచించి, గుండీల డబ్బా అడుగున కాగితంలో చుట్టి ఉంచిన మాగ్నెట్ బటన్లు బయటికి తీసింది. ఖరీదైన హ్యాండ్‌బ్యాగులకి తప్ప వాటిని ముట్టుకోదు. మూత దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే టప్పున పడుతుంది. అవి పైకి కనపడకుండా లైనింగు లోపల పెట్టి కుట్టేసింది. ఆ వీధిలో ఆ పనితనం ఇంకెవరికీ లేదు. బ్యాంకు కార్డులు పెట్టుకునే అర దగ్గర ఆ బటన్లు వేస్తే కార్డులు పాడవుతాయని ఆమెకి తెలుసు. ఒకావిడ షాపు ముందు నిలబడి చెడామడా తిట్టి వెళ్ళాక తెలిసింది. కానీ అది కార్డుల సంగతనుకుంది. కంపాస్ ముల్లుకీ మాగ్నెట్‌కీ ఉన్న సంబంధం ఆమెకి తెలియదు. ఇనుము దగ్గర పెట్టొద్దన్న హెచ్చరికని పిల్ల ఇంట్లో నాలుగుసార్లు వల్లించింది గానీ, మేడం అన్న మాట మొదలవగానే చెవులు మూసుకోవడం సంచులక్కకి అప్పటికే అలవాటైపోయింది.

కొత్త ఒరలో కంపాస్‌ని పెట్టింది, ఒరని వీపు సంచి లోపలి అరలో పెట్టింది, పాత ఒరని చెత్త ముక్కల బుట్టలోకి విసిరింది. సాయంత్రం పిల్ల అడిగితే, అంతా సర్దేశాను, ఇక ఆదివారం దాకా తియ్యకు అంది. ఆదివారం ఊరి బయట పాత రాళ్ళ క్వారీలో ఒక రోజు అభ్యాసం ఉంది. అక్కడ అందరి ముందూ సంచి తెరిచి, కొత్త ఒర చూసి పిల్ల ఎలా మురుస్తుందో, మేడం దాన్ని ఎలా తిప్పి తిప్పి చూస్తుందో తలుచుకుంటూ ఆ రెండు రోజులూ నవ్వుకుంది.

ఆదివారం సాయంత్రం పిల్ల వాడిన ముఖంతో వచ్చింది. ఒర చాలా బాగుందంది. మేడం చూసిందా అని అడిగితే, లేదు, సంచిలోనే ఉండిపోయిందంది. బూట్లు విప్పుకుంటూ, కంపాస్ మేడంకి ఇచ్చేశానని, గ్రూపు మారిందని, తను కింద రోడ్డు పక్కన తిరిగేవాళ్ళతో వెళుతున్నానని చెప్పింది. ఎందుకని అడిగితే ఏదో సర్దుబాటంది.

సంచులక్క లోపల్లోపల ఎగిరి గంతేసింది. ఉన్నమాట దాచడమెందుకు, ఆ వేళ అన్నం రెండు ముద్దలు ఎక్కువే తింది. ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో మేడం ఊసే లేదు. పిల్ల వచ్చి మిషను పక్కన కూర్చుని దారాలు చుట్టింది, జిప్పులకి రన్నర్లు ఎక్కించింది, చిన్నప్పటిలా. నెత్తి మీద దబదబలు కూడా ఆగిపోయాయి. బూట్లు మంచం కిందకి చేరాయి. తల్లి గమనించలేదు, గమనించాలని కూడా అనుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం సోడాబుడ్డి వచ్చింది. పిల్ల క్లాసులోదే, మందపాటి కళ్ళద్దాల వల్ల ఆ పేరు. తన వీపు సంచికి నడుము పట్టీ వేయించుకోవడానికి వచ్చింది. మేడం గ్రూపులో ఖాళీ అయిన చోట తనని వేశారని, తనకే సిగ్గుగా ఉందని చెప్పింది. సంచులక్క ఏం జరిగిందో చెప్పమంది.

క్వారీలో పొద్దున్నించీ వీళ్ళ గ్రూపు కొలతలు తీసిందట. మధ్యాహ్నం మేడం వచ్చి చూస్తే, పొరలు అటు వాలితే వీళ్ళ పటంలో ఇటు వాలాయట. కంపాస్ తీసి చూసుకుంటే ముల్లు పూర్తిగా తిరగబడి ఉంది, ఉత్తరానికి బదులు దక్షిణం చూపిస్తోంది. ఎలా జరిగిందని మేడం అడిగింది. పిల్ల తల దించుకుని, ఫోను పక్కన పెట్టాను, తప్పు నాదే అంది. రెండుసార్లు చెప్పినా వినని మనిషిని నమ్మి శిఖరం మీద కొలతలు అప్పగించలేనని మేడం అప్పటికప్పుడే గ్రూపు మార్చేసింది.

"ఫోనులో ఏముంటుందే, ముల్లు తిరగబడ్డానికి?" అంది సంచులక్క.

"స్పీకర్లో చిన్న మాగ్నెట్ ఉంటుంది కదాంటీ."

చేతిలో సూది అక్కడే ఆగింది. సోడాబుడ్డి అటు వెళ్ళగానే సంచులక్క పైకెళ్ళి పిల్ల సొరుగు తెరిచింది. ఒర అక్కడే ఉంది. మూత టప్పున పడలేదు. లైనింగు విప్పి, బటన్లు తీసేసి, మళ్ళీ కుట్టి ఉంది. ఆ వంకర టింకర కుట్టు ఎవరిదో తెలుసుకోవడానికి ఆమెకి క్షణం పట్టలేదు. పిల్లకి అక్కడే, క్వారీలోనే అంతా తెలిసిపోయింది. తెలిసీ క్లాసంతా చూస్తుండగా, ఆ మేడం ముందు, అమ్మ పేరు ఎత్తలేదు.

సంచులక్క మంచం మీద కూలబడి కళ్ళు ఒత్తుకుంది. ఏడుపుతో పాటే ఇంకోటి కూడా వచ్చింది, గర్వం. మేడం గొప్పా, అమ్మ గొప్పా అంటే పిల్ల అమ్మనే పట్టుకుంది. గెలిచింది తనే. బస్సు శనివారం పొద్దున్న బయల్దేరుతుంది. అప్పటిదాకా నోరు మూసుకుంటే చాలు, ఆవిడ ఆ కొండ పైన, తన కూతురు కింద. కోరుకున్నది అదేగా.

ఆ గర్వం సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం పట్టీ తీసుకెళ్ళడానికి సోడాబుడ్డి మళ్ళీ వచ్చింది. పిల్ల పైనుంచి ఒక చుట్ట తెచ్చింది. శిఖరం దారిని రెండు నెలలు కష్టపడి పల్చటి కాగితం మీద గీసుకున్న పటం అది. షాపు బల్ల మీద పరిచి, ఎక్కడ దారి జారుడుగా ఉంటుందో, ఏ వంపు దగ్గర పొరలు బాగా కనిపిస్తాయో వేలు పెట్టి చూపించింది, నవ్వుతూనే చూపించింది. చుట్టి సోడాబుడ్డి చేతిలో పెట్టింది. సోడాబుడ్డి ఆ చుట్టని చంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది.

సంచులక్క కూతురి ముఖం చూసింది. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. ఒకరికి దక్కింది చూసి ఓర్వలేక, ఓర్వలేనని చెప్పుకోలేక, లోపల్లోపల ఉడికిపోయే చూపు. నలభై ఆరేళ్ళుగా తను మోస్తున్నదే. ఈ పిల్లకి ఆ గుణం లేదని, తండ్రి పోలిక వచ్చిందని ఇన్నాళ్ళూ ఊరట పడింది. ఇప్పుడు చేతులారా తనే అంటించింది.

గురువారం షాపు మూసి కాలేజీకి వెళ్ళింది. దారి పొడవునా మేడంని ఊహించుకుంది. పొడుగ్గా ఉంటుంది, బట్టల ఇస్త్రీ నలగదు, మాట్లాడితే ముత్యాలు రాలతాయి. తీరా వెళితే, రాళ్ళ పెట్టెల మధ్య ఒక పొట్టి మనిషి నేల మీద చతికిలబడి, డేరా గుడ్డకి పడిన చిరుగుని పిన్నీసులతో మూస్తోంది. ముక్కు ఎండకి కమిలి తోలు లేచింది. సంచులక్కకి కొంచెం తృప్తిగా అనిపించింది. ఫలానా అమ్మాయి తల్లినని చెప్పగానే ఆవిడ లేచి, కుర్చీ మీది రాళ్ళు తీసేసి, కూర్చోండమ్మా అంది. ఆ అనడంలో వంక పెట్టడానికేమీ లేకపోవడం మాత్రం నచ్చలేదు.

సంచులక్క కూర్చోలేదు. సంచిలోంచి రెండు ఒరలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి తను కుట్టింది, ఇంకోటి మేడం పాతది. చెత్త బుట్టలోంచి తీసి దానికి కొత్త కుట్లు వేసి తెచ్చింది.

"మీ కంపాస్ పాడుచేసింది మా అమ్మాయి కాదు, నేను. దానికి తెలియకుండా మాగ్నెట్ బటన్లు పెట్టి ఈ ఒర కుట్టాను. ఫోను అని అది అబద్ధమాడింది."

"పాత ఒర బాగానే ఉంది కదా. మళ్ళీ ఎందుకు కుట్టారు?"

"అది మీదని."

మేడంకి అర్థం కాలేదు. సంచులక్క పాత ఒరని ఆవిడ వైపు నెట్టింది. "మీదని అది మురిసిపోతుంటే చూడలేకపోయాను. అంతే."

మేడం కొత్త ఒర లోపలి వంకర కుట్టుని వేలితో తడిమింది. ఫోను వల్ల ముల్లు అంతగా తిరగబడుతుందా అని తనకీ అనుమానం వచ్చిందని, గుచ్చి గుచ్చి అడిగినా పిల్ల తన తప్పే అందని, అలా అన్నాక ఇక చేసేదేముందని చెప్పింది. ముల్లుని మళ్ళీ సరిచేశానని, పిల్లని తిరిగి తీసుకుంటానని, సోడాబుడ్డిని తీసేయడం ఎలాగూ కుదరదు కాబట్టి ఐదుగురైతే ఐదుగురే పైకి వస్తారని అంది.

"నేనొచ్చినట్టు దానికి తెలియకూడదు," అంది సంచులక్క.

"మరి ఎందుకు మళ్ళీ తీసుకున్నానని చెప్పను?"

"మనసు మారిందనండి. మీరు చెప్తే అది ఏదైనా నమ్ముతుంది."

మేడం ఆమె వైపు నిదానంగా చూసింది. "మీరే వచ్చి చెప్పారంటే మీ అమ్మాయి ఎంత సంతోషపడుతుందో."

"నన్ను కాపాడానని అనుకుంటోంది. అలాగే అనుకోనివ్వండి."

లేవాల్సిన పని లేదు, నిలబడే ఉంది. తను కుట్టిన ఒరని మళ్ళీ సంచిలో వేసుకుని తలుపు దాకా వెళ్ళింది, డేరా గుడ్డ కనపడింది, ఇక ఓర్చుకోలేకపోయింది. పిన్నీసులన్నీ పీకేసి, సంచిలో ఎప్పుడూ ఉండే లావు సూదితో నేల మీద కూర్చుని ఆ చిరుగుని రెండు వరసలు కుట్టింది. పిన్నీసులు పెడితే గాలికి ఇంకా చినుగుతుందని ముఖం చూడకుండా చెప్పింది. మేడం థాంక్స్ చెప్పింది. సూదిని సంచిలో వేసుకుని వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఒక బడిసంచి పట్టీకి చేతి కుట్టు వేస్తుండగా పిల్ల రొప్పుతూ షాపులోకి వచ్చింది. మేడం పిలిపించిందట. తప్పు ఎవరైనా ఒకసారి చేస్తారంటూ, మళ్ళీ గ్రూపులో వేసుకుని, అదే కంపాస్‌ని అదే చేతిలో పెట్టిందట. కొలతలు నువ్వే తియ్యాలందట. చిరిగిన డేరాకి ఎవరి చేతో చక్కగా కుట్లు కూడా వేయించిందట.

"అసలు ఆవిడ మనసు ఎంత పెద్దదో అమ్మా. నేను చేసినదానికి ఇంకొకరైతే నా ముఖం కూడా చూడరు." పిల్ల తల్లి భుజం మీద గడ్డం ఆనించి నవ్వింది. "నువ్వయితే ఆర్నెల్లు సాధించేదానివి."

ఒక్క మాట చాలు. ఆ కుట్లు ఎవరివో, ఆ మనసు ఎవరు మార్చారో పిల్లకి తెలిసిపోవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. సంచులక్క దారం కొస పళ్ళతో కొరికి తెంపింది. సూదిని మిషను బల్ల మీది దిండుకి గుచ్చింది.

"సాధించేదాన్నే," అంది. "మంచావిడే మీ మేడం."

పిల్ల తల తిప్పి తల్లిని వింతగా చూసింది. రెండేళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

"చూశావా, ఆఖరికి నువ్వు కూడా ఒప్పుకున్నావు," అని, బూట్లు వేసుకోవడానికి మెట్లెక్కి పైకి పరుగెత్తింది.